స్లాషర్ గేరుబాక్సు పోతే బాగు చేయించాలా, కొత్తది వేయాలా?

వ్యవసాయ యంత్రాల పథకం లబ్ధిదారులకు, పల్నాడు జిల్లా
అమరావతి మండలం ధరణికోట, చుట్టుపక్కల ఊళ్ళ రైతు గ్రూపుల కోసం



సబ్సిడీ మీద యంత్రం ఎట్లా తీసుకోవాలి, దరఖాస్తుకు ఏ కాగితాలు కావాలి అనేవి మీకు తెలిసినవే. ఈ పాఠం యంత్రం ఇంటికొచ్చాక జరిగే సంగతి. అందులోనూ పత్తి కట్టె, మిరప కట్టె కోసి తునకలు చేసే రోటరీ స్లాషర్ సంగతి. నేను జర్నలిజం చదివిన మనిషిని, ఇంజనీరును కాను. అందుకే పెద్ద పెద్ద మాటలు లేకుండా, షెడ్డులో మెకానిక్ మాట్లాడుకునే మాటల్లోనే రాస్తున్నాను.

జనవరి వచ్చేసరికి మన నల్లరేగడి చేలల్లో పత్తి ఆఖరి తీత అయిపోతుంది. కట్టె మిగులుతుంది. ఆ వెనకే మిరప కోతలు ముగిసిన చేలు వస్తాయి. స్లాషరుకు పని దొరికేది ఆ కొద్ది నెలలే. సరిగ్గా అప్పుడే గేరుబాక్సు టకటకమని ఆగిపోతే, అద్దె ఆగుతుంది, బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు. గ్రూపులో లేని రైతుకు కూడా దెబ్బే. కట్టె చేలోనే నిలబడిపోతే, విచ్చుకోని కాయల్లో, గుడ్డికాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంట మీదికి వస్తుంది. పత్తిని డిసెంబరు ఆఖరుకల్లా ముగించి కట్టెను చేలోనే తునకలు చేయమనీ, గట్ల మీద కుప్పలు వేయొద్దనీ శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే. కాబట్టి స్లాషరు ఆగితే అది ఒక్క గ్రూపు కష్టం అనుకోవద్దు.

మన దగ్గర ఈ యంత్రాలు రెండు దారుల్లో వచ్చాయి. 2022 జూన్‌లో గుంటూరు చుట్టుగుంట సెంటర్లో పంపిణీ మొదలైన యంత్ర సేవా పథకంలో రైతు గ్రూపులకు 40 శాతం సబ్సిడీ, 50 శాతం బ్యాంకు అప్పు, మిగతా 10 శాతం గ్రూపు వాటా. రెండోది 2014-15 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ యాంత్రీకరణ పథకం, మనం స్మామ్ అనేది. అందులో చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం వరకు, మిగతావారికి 40 శాతం వరకు, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి ఇస్తారు. ఏ దారిన వచ్చినా ఒక మాట గుర్తుంచుకోండి. సబ్సిడీ యంత్రం కొనడానికే గానీ మరమ్మతుకు కాదు. గేరుబాక్సు ఖర్చు మీ జేబులోంచే పోతుంది. అందుకే ఈ నిర్ణయం తొందరలో తీసుకునేది కాదు.

విప్పక ముందు

చేతిలో పానా ఉంటే చెయ్యి ఊరుకోదు. అయినా ఆగండి. ముందు బిల్లు తీసి కొన్న తేదీ చూడండి, వారంటీ కార్డులో ఎన్ని నెలలని రాశారో చూడండి. గడువు లోపలే ఉంటే బయటి మెకానిక్ చేత ఒక్క బోల్టు కూడా విప్పించొద్దు. డీలరు మొట్టమొదట అడిగే మాట "ఎవరు విప్పారు?" అనేదే. ఎవరో విప్పారని తేలితే మాట అక్కడితో తెగిపోతుంది.

డీలరుకు ఫోను చేయడం సరే. దాంతోపాటు వాట్సాప్‌లో రాత పూర్వకంగా కూడా పెట్టండి. ఫోను మాటకు సాక్ష్యం ఉండదు, రాసినదానికి తేదీ, టైము ఉంటాయి. యంత్రం మీద రేకు ప్లేటుపై ఉన్న సీరియల్ నంబరు, ఆయిల్ కారిన చోటు, షాఫ్ట్ దగ్గర బోల్టు ఉన్న తీరు, వీటిని ఫొటోలు తీసి పంపండి. డీలరు మనిషి వచ్చి చూస్తే జాబ్ కార్డు రాయించుకోండి. "ఏం కాదన్నా, రెండ్రోజుల్లో చూద్దాం" అన్న మాటను కూడా జాబ్ కార్డులోకి ఎక్కించండి.

వారంటీ దాటిపోయిందా? అయితే కింద చెప్పేవి మీరే చూసుకోవచ్చు.

ముందు ప్రాణం, తర్వాత యంత్రం

పీటీఓ ఆపి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే స్లాషరు దగ్గరికి వెళ్ళాలి. పీటీఓ ఆపినా బ్లేడు కాసేపు తిరుగుతూనే ఉంటుంది, పూర్తిగా నిలిచేదాకా దగ్గరికి పోవద్దు. హైడ్రాలిక్ మీద లేపి ఉంచిన స్లాషరు కిందికి ఎవరూ దూరకూడదు. గట్టి చెక్క దిమ్మెలు పెట్టి వాటి మీదికి దించాలి. ఒక్క గొట్టం పగిలినా, పక్కన ఆడుకునే పిల్లాడు లివరు కదిపినా అంత బరువూ ఒక్క క్షణంలో కిందికి వస్తుంది. దిమ్మెల కోసం వెతకడానికి పది నిమిషాలు పడితే పట్టనివ్వండి.

పోయింది గేరుబాక్సేనా?

బ్లేడు తిరగకపోతే గేరుబాక్సే పోయిందని కాదు. పీటీఓ షాఫ్ట్ దగ్గర ఉండే షియర్ బోల్టు తెగి ఉండొచ్చు. అది తెగడానికే పెట్టిన బోల్టు, అది తెగి గేరుబాక్సును కాపాడుతుంది. కొన్ని స్లాషర్లకు బోల్టు బదులు స్లిప్ క్లచ్చు ఉంటుంది. కాలిన వాసన వస్తుంటే దాని ప్లేట్లు అరిగి ఉంటాయి. షాఫ్ట్ జాయింట్లలోని క్రాస్ కూడా విరుగుతుంది. ఈ మూడూ బయటి నుంచే కనబడతాయి. వీటిని చూడకుండా గేరుబాక్సు దించడం దండగ.

అవన్నీ బాగుంటే ఆయిల్ సంగతి చూడండి. ప్లగ్గు తీసి తెల్లటి టబ్బులోకి వంచండి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడి ఉంటే లోపలికి నీళ్ళు పోయాయి. వెండి పొడి కలిపినట్టు మెరుస్తుంటే గేర్లో, బేరింగులో అరిగిపోతున్నాయి. ఒక అయస్కాంతం తిప్పి చూడండి. సన్నటి పొడి అంటుకుంటే అంత భయం లేదు, అన్ని గేర్లకూ కొంత ఉంటుంది. మొనదేలిన ముక్కలు వచ్చాయంటే మాత్రం పళ్ళు విరిగాయి. అసలు ఆయిలే లేదంటే ఇక చెప్పేదేముంది.

తర్వాత కింద బ్లేడు బిగించిన పళ్ళేన్ని రెండు చేతులతో పక్కకు ఊపండి. కదులుతుంటే కింది బేరింగు పోయింది. ముందుకూ వెనక్కూ కొద్దిగా తిప్పి చూస్తే, పై షాఫ్ట్ కదిలేలోగా ఎంత ఖాళీ తిరుగుతుందో తెలుస్తుంది. కొద్దిపాటి ఆట సహజమే. బాగా ఎక్కువ తిరిగితే క్రౌన్, పినియన్ పళ్ళు అరిగాయి. చివరగా పెట్టె నలువైపులా కిరసనాయిలు గుడ్డతో తుడిచి పగుళ్ళు ఉన్నాయేమో చూడండి. మడ్డి కింద పగులు దాగి ఉంటుంది.

ఎందుకు పోయింది? ఇది తేలకుండా డబ్బు పెట్టొద్దు

ఈ పాఠంలో ఒక్క భాగమే చదివే టైముంటే ఇదే చదవండి. గేరుబాక్సు దానంతటది పోవడం తక్కువ. ఏదో ఒకటి దాన్ని చంపుతుంది. ఆ కారణాన్ని అట్లాగే వదిలేసి కొత్తది వేస్తే కొత్తదీ అదే దారి పడుతుంది, మళ్ళీ అదే సీజన్లో.

మన వైపు ఎక్కువగా కనిపించే కారణం సీలు తెగి ఆయిల్ కారిపోవడం. మిరప చేలల్లో డ్రిప్ పైపు ముక్కలు, మల్చింగ్ షీటు పీలికలు, ప్లాస్టిక్ పురికొస, కంచె తీగ మిగిలి ఉంటాయి. అవి బ్లేడు పైన షాఫ్ట్‌కు చుట్టుకుని, తిరిగి తిరిగి వేడెక్కి, ఆయిల్ సీలు పెదవిని కోసేస్తాయి. చుక్క చుక్క కారే ఆయిల్ కట్టె పొట్టులో కలిసిపోయి ఎవరి కంటా పడదు. పదిహేను రోజులకు పెట్టె ఎండిపోతుంది. చేలో దిగేముందు ఆ చెత్త ఏరించడం, ప్రతి సాయంత్రం షాఫ్ట్‌కు చుట్టుకున్న పీలికలు కోసి తీసేయడం డ్రైవరు పనిలో భాగం కావాలి. సీలు కారుతోందని పెట్టెలో గ్రీజు కూరే అలవాటు ఒకటుంది. మామూలు గ్రీజు ఒకసారి గేర్ల నుంచి పక్కకు జరిగితే ఆయిల్ లాగా తిరిగి వచ్చి తడపదు. పై బేరింగు ఎండిపోతుంది. గ్రీజు కూరితే కారడం ఆగుతుంది, గేరుబాక్సు కూడా ఆగుతుంది.

రెండో కారణం షియర్ బోల్టు. అది మాటిమాటికీ తెగుతోందని విసుగొచ్చి, ఎవరో ఒకరు గట్టి హైటెన్సైల్ బోల్టు వేస్తారు. ఆ రోజు నుంచి మోడుకు గానీ రాయికి గానీ బ్లేడు తగిలితే బోల్టు తెగదు, లోపల పన్ను విరుగుతుంది. బోల్టు ఖరీదు గేరుబాక్సు ఖరీదు పక్కన లెక్కలోకే రాదు. పుస్తకంలో చెప్పిన సైజు, గ్రేడు బోల్టులు పది కొని టూల్ బాక్సులో పడేయండి. రోజుకు రెండు మూడు తెగుతుంటే తప్పు బోల్టుది కాదు, స్లాషరు మరీ కిందికి దించి నేలను గీకుతున్నారని అర్థం.

మూడోది గ్రూపు యంత్రాలకే ప్రత్యేకం. మీ స్లాషరు ఇవాళ ఒక ట్రాక్టరుకు, రేపు ఇంకో ట్రాక్టరుకు తగిలిస్తారు. ఒక్కో ట్రాక్టరుకు పీటీఓ నుంచి లింకుల దూరం ఒక్కో రకం. ఒకదానికి సరిపోయిన షాఫ్ట్ ఇంకోదానికి పొడవు కావచ్చు. అప్పుడు స్లాషరు లేపినప్పుడల్లా షాఫ్ట్ లోపలికి పూర్తిగా దిగి, ఇక దిగే చోటు లేక గేరుబాక్సు ముందు బేరింగును గునపంతో పొడిచినట్టు పొడుస్తుంది. ట్రాక్టరు మార్చిన ప్రతిసారీ స్లాషరును మెల్లగా పైకీ కిందికీ కదిపి చూడండి. షాఫ్ట్ బాగా దగ్గరికి వచ్చిన చోట లోపల కనీసం అంగుళం ఖాళీ మిగలాలి. బాగా సాగిన చోట లోపలి గొట్టం బయటి గొట్టంలో మూడో వంతైనా ఉండాలి. పొడవైతే లేత్ షాపులో రెండు గొట్టాలనూ సమానంగా కోయించాలి.

ఇంకా ఉన్నాయి. స్లాషరు గేరుబాక్సు 540 చుట్ల పీటీఓకు తయారైంది. కొన్ని ట్రాక్టర్లలో 1000 చుట్ల గేరు, తక్కువ ఇంజను వేగానికే 540 ఇచ్చే ఎకానమీ గేరు కూడా ఉంటాయి. ఎకానమీ గేరులో పెట్టి యాక్సిలరేటరు పూర్తిగా లాగితే గేరుబాక్సు మోయగల వేగం దాటిపోతుంది. గేరుబాక్సు ఎన్ని హెచ్.పి.కి అని రాసి ఉందో అంతకు మించిన ట్రాక్టరు తగిలించడం, ఒక బ్లేడు ఊడిపోయినా మిగతా బ్లేడుతో నడపడం, పీటీఓ తిరుగుతుండగానే గట్టు మీద స్లాషరును బాగా పైకి లేపడం, ఇవన్నీ బేరింగులను తినేసేవే.

బాగు చేయించడమా, మార్చడమా?

పోయింది సీలో, బేరింగో అయితే ఆలోచించేదే లేదు, బాగు చేయించండి. పాత బేరింగు మీద ఉన్న నంబరు చూసి అదే నంబరుది మంచి కంపెనీది తెప్పించండి. సీళ్ళు రెండూ కలిపి మార్చండి, ఒకటి మార్చి ఒకటి వదిలితే నెలలో మళ్ళీ విప్పాలి. షాఫ్ట్ మీద సీలు ఆనే చోట గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. ఆ గాడి సంగతి లేత్ మెకానిక్‌కు చూపించండి.

క్రౌన్‌కో పినియన్‌కో పళ్ళు విరిగితే రెండూ జతగా మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపితే సరిగా కూర్చోవు, కూతపెడతాయి. జత మార్చినప్పుడు బేరింగులు కూడా మార్చాలి, ఎందుకంటే విరిగిన ముక్కలు వాటిలో దూరి ఉంటాయి. షిమ్ములు పెట్టి పళ్ళ మధ్య ఆట సరిచేయడం అందరికీ వచ్చిన పని కాదు. బాగా బిగిస్తే వేడెక్కి పోతాయి, వదులైతే కొట్టుకుంటాయి. "షిమ్ములెందుకన్నా, బిగించేస్తా" అనే మెకానిక్ దగ్గర ఈ పని చేయించొద్దని నా మాట. విరిగిన పన్నును వెల్డింగు చేసి గ్రైండింగు పట్టిస్తామనే వాళ్ళుంటారు, దానికి కూడా ఒప్పుకోవద్దు.

పెట్టె పగిలినా, బేరింగు కూర్చునే గుంట అరిగి బేరింగు అందులోనే తిరుగుతున్నా మొత్తం గేరుబాక్సు మార్చడమే మంచిది. పోత ఇనుముకు వెల్డింగు సీజన్ గడపడానికి ఉపయోగపడొచ్చు, నమ్ముకోడానికి కాదు.

మధ్యలో ఎటూ తేలని కేసులకు నేను చెప్పే లెక్క ఇది. సామాన్లు, కూలీ, రానుపోను ఖర్చు కలిపి కొత్త గేరుబాక్సు ధరలో సగం దాటితే కొత్తదే వేయండి. జనవరి, ఫిబ్రవరిలో అయితే దీనికి ఆగిన రోజుల అద్దె కూడా కలపండి. జత గేర్లు వచ్చేసరికి పది రోజులు పట్టి, కొత్త గేరుబాక్సు రెండు రోజుల్లో దొరుకుతుంటే, కాగితం మీద చవకగా కనిపించే మరమ్మతు నిజానికి ఖరీదే. సీజన్ అయిపోయాక జూన్‌లో పోతే ఆ తొందర లేదు, నిదానంగా బాగు చేయించుకోవచ్చు.

కొత్తది కొనేటప్పుడు

గుంటూరు, విజయవాడ ఆటోనగర్లలో గేరుబాక్సులు దొరుకుతాయి. బోల్టు రంధ్రాలు సరిపోయాయి కదా అని తెచ్చుకుంటే సరిపోదు. పాతదాన్ని కూడా వెంట తీసుకెళ్ళండి, ఫొటో చాలదు.

ముఖ్యంగా చూడాల్సింది చుట్ల నిష్పత్తి. రేకు ప్లేటు చెరిగిపోతే ఇట్లా తెలుసుకోవచ్చు. పాత గేరుబాక్సు ఇంకా తిరిగే స్థితిలో ఉంటే రెండు షాఫ్టులకూ సుద్దతో గీత పెట్టి, ముందు షాఫ్ట్‌ను చేత్తో పది చుట్లు తిప్పండి. కింది షాఫ్ట్ పంతొమ్మిదికి కాస్త పైన తిరిగితే నిష్పత్తి సుమారు 1.93, పద్నాలుగున్నర దాటి తిరిగితే 1.47. తిరగకపోతే విప్పి క్రౌన్ పళ్ళను పినియన్ పళ్ళతో భాగించండి. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, 540 చుట్ల పీటీఓతో మొదటిది బ్లేడును నిమిషానికి 1042 చుట్లు తిప్పితే, రెండోది 794 దగ్గర ఆగుతుంది. తక్కువైతే పత్తి కట్టె తెగకుండా చీలుతుంది. ఎక్కువైతే బ్లేడు తట్టుకోదు, రాయి తగిలితే తూటాలా ఎగురుతుంది.

కింది షాఫ్ట్ ఎటు తిరుగుతుందో కూడా చూసుకోండి. లోపల క్రౌన్ ఏ పక్కన కూర్చుందో దాన్ని బట్టి దిశ మారుతుంది. దిశ తప్పితే బ్లేడు పదును వైపు కాకుండా మొండి వైపు కట్టెకు తగులుతుంది. ముందు షాఫ్ట్ మందం, స్ప్లైన్ పళ్ళు కూడా కలవాలి. ఎక్కువగా వచ్చేది 6 పళ్ళ 1⅜ అంగుళాలది, అంటే 35 మిల్లీమీటర్లది. కింది షాఫ్ట్ పొడవు, బ్లేడు పళ్ళెం కూర్చునే భాగం, పెట్టె మీది హెచ్.పి. కూడా పాతదానికి సరిపోవాలి. హెచ్.పి. కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువది మాత్రం తీసుకోవద్దు. జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేకపోతే గేరుబాక్సుకు వారంటీ కూడా లేనట్టే.

బిగించాక

పళ్ళెం కింది పెద్ద నట్టుకు ఉండే పిన్ను మర్చిపోకుండా కొత్తది వేయండి. పాత షాఫ్ట్ ఊడకపోతే పుల్లరు పెట్టాలి, సుత్తితో బాదితే షాఫ్ట్ చివర గుబురై అదీ పోతుంది.

కొత్త గేరుబాక్సులు చాలావరకు ఆయిల్ లేకుండానే వస్తాయి. పెట్టెలో పెయింటు వాసన చూసి నిండా ఉందనుకోవద్దు. ఎక్కువ స్లాషర్లకు ఈపీ 90 గేర్ ఆయిల్ చెబుతారు, మీ పుస్తకంలో ఏది ఉంటే అదే. పక్కన ఉన్న లెవెల్ ప్లగ్గులోంచి ఆయిల్ బయటికి రావడం మొదలయ్యే దాకా పోసి ఆపండి. అంతకు మించి పోస్తే వేడెక్కి సీలు తన్నేస్తుంది. పైన గాలి పోయే చిన్న ప్లగ్గు ఉంటుంది, అది దుమ్ముతో మూసుకుపోయినా అదే జరుగుతుంది. ఇంజన్లోంచి తీసిన నల్ల ఆయిల్ పోయొద్దు.

మొదట అరగంట బరువు లేకుండా తిప్పి, అన్నీ ఆపి చెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే సరే, చెయ్యి నిలవకపోతే ఏదో బిగుతుగా ఉంది. మొదటి రోజు పని అయ్యాక గేరుబాక్సు బోల్టులన్నీ మళ్ళీ బిగించండి. తొలి 50 గంటలకు ఆయిల్ మార్చండి, కొత్త గేర్ల పొడి దాంతో పోతుంది.

రిజిస్టరు, డబ్బు, ఫిర్యాదు

యంత్రం సబ్సిడీ మీద వచ్చింది కాబట్టి గేరుబాక్సు మార్చిన తేదీ, బిల్లు నంబరు గ్రూపు రిజిస్టర్లో రాసి, రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడికి చూపించండి. రేపు తనిఖీకి వచ్చినవారు పాత ఫొటోకు, ఇప్పటి యంత్రానికి తేడా ఏమిటని అడిగితే మీ దగ్గర జవాబుంటుంది.

గ్రూపుల్లో తగువులు ఎక్కువగా వచ్చేది మరమ్మతు ఖర్చు దగ్గరే. "నా చేలో పోలేదు కదా, నేనెందుకివ్వాలి?" అనే మాట వినని గ్రూపు ఉండదు. దీనికి ముందే ఒక ఏర్పాటు ఉండాలి. ఉదాహరణకు కోసిన ప్రతి ఎకరానికి 50 రూపాయలు అద్దెలోంచి పక్కన పెడితే 400 ఎకరాలకు 20,000 అవుతుంది. గ్రూపు సభ్యుడి సొంత చేలో కోసినా ఆ 50 పడాల్సిందే. మొత్తం ఎంతన్నది మీ ఇష్టం, కానీ ఆ డబ్బు గ్రూపు ఖాతాలోనే ఉండాలి, ఎవరి ఇంటి బీరువాలోనూ కాదు.

వారంటీలో ఉన్నా డీలరు పట్టించుకోకపోతే మండల వ్యవసాయాధికారికి రాసివ్వండి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయొచ్చు, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. 2019 చట్టం ప్రకారం సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయాలి. యంత్రం విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. "ఇది అద్దెకిచ్చే యంత్రం, మీరు వినియోగదారులు కారు" అని అవతలివాళ్ళు వాదించవచ్చు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని సొంతంగా వాడుకునేవారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. అందుకే ఫిర్యాదులో గ్రూపు సభ్యులంతా రైతులేననీ, యంత్రం మీరే నడుపుకుంటున్నారనీ తప్పక రాయండి. బిల్లు, వారంటీ కార్డు, వాట్సాప్ మెసేజీలు, జాబ్ కార్డు, ఫొటోలు జతచేయండి.

యంత్రాల నిర్వహణ పద్ధతిగా నేర్చుకోవాలనుకునే యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. గ్రూపు నుంచి ఒకరినైనా పంపే ఆలోచన ఉంటే ముందు మండల వ్యవసాయాధికారి ద్వారా శిక్షణ తేదీలు కనుక్కోండి. కట్టె, పురుగు సంగతులు అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులోనే మాట్లాడతారు.